చేపకన్ను వంచిన గట్టు

మా తమ్ముడి మనవరాలు రమ్య గుంటూరులో కంప్యూటర్ల మీద పని చేస్తుంది. రెండు రోజులు సెలవు దొరికితే చాలు, కెమెరా సంచి భుజాన వేసుకుని పూల వెంట పడుతుంది. మొన్న ఫాల్గుణంలో నరసరావుపేట వచ్చి, నన్ను కారులో కూర్చోబెట్టుకుని ఎత్తిపోతల దాకా తీసుకెళ్ళింది. అందరూ జలపాతం దగ్గర సెల్ఫీలు తీసుకుంటుంటే ఈ పిల్ల అటు తిరిగి కూడా చూడలేదు. రోడ్డు వారన ఆకన్నది లేకుండా ఒళ్ళంతా పూసిన మోదుగ చెట్టు కింద స్టాండు వేసి, ఒకే ఒక్క పువ్వుకు నలభై ఫోటోలు తీసింది. రేకు కొన దగ్గర మొదలుపెట్టి తొడిమ దాకా ఫోకస్‌ను వెంట్రుకవాసి జరుపుకుంటూ పోయింది. ఇంటికొచ్చాక ఆ నలభైనీ కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్క ఫోటో చేసింది. "దీన్ని స్టాకింగ్ అంటారు తాతయ్యా. ఒక్కోదాంట్లో ఒక్కో చోటే స్పష్టంగా ఉంటది. అన్నీ కలిపితే పువ్వు మొత్తం" అంది. "మరి ఇందులో నిజం ఫోటో ఏదమ్మా?" అని అడిగాను. "అన్నీ నిజమే" అని నవ్వేసింది. ఆమె అదృష్టవంతురాలు. ఆ ప్రశ్న ఆమెను నవ్వుతూ అడిగే తాత ఒకడున్నాడు. నన్ను అడిగినవాళ్ళు నవ్వుతూ అడగలేదు.

ఆ సాయంత్రమే ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక పాత నెగటివ్ తీసి ఆమె చేతిలో పెట్టాను. దాన్ని వెలుగుతున్న పలక మీద పరిచి, కెమెరాతో తీసి, నలుపును తెలుపు చేసి, "తాతయ్యా! ఇది ఫిష్ ఐ కదా! ఆ రోజుల్లో నీకెక్కడిది?" అని కేక పెట్టింది. గుండ్రటి బొమ్మ. కింద సగం నేలంతా రాలిన మోదుగ పూలు, పైన కొడవలిలా వంగిన పొలం గట్టు, గట్టు మీద అయిదు చెట్లు, ఆ చివరా ఈ చివరా రెండు హద్దురాళ్ళు. రమ్య ఏదో నొక్కింది. గుండ్రటి బొమ్మ చపాతీ పిండిలా నాలుగు వైపులా సాగింది. కొడవలి కాస్తా కర్రలా తిన్నగా అయిపోయింది. రెప్పపాటు కూడా పట్టలేదు. "ఈ రాయి నుంచి ఆ రాయికి ఒక గీత గియ్యమ్మా" అన్నాను. గీసింది. అయిదు చెట్లూ గీతకు ఇవతలే ఉన్నాయి. అంటే మా వైపున. "ఏంది తాతయ్యా, ఏడుస్తున్నావా?" అంది. ఏడవలేదు. అది కోపం. యాభై ఏళ్ళకు పైబడి మోస్తున్న కోపం, దించడానికి ఇప్పుడు ఎదుట ఒక్కడూ బతికి లేడు.

మా ఊరు గురజాల నుంచి మాచర్ల పోయే దారికి లోపలగా ఉంటుంది. అరక దిగితే మూరెడు లోతున నాపరాయి తగిలే నేల. ఇంటి గచ్చు, పశువుల తొట్టి, పొలం హద్దు, అన్నీ ఆ రాయితోనే. మా తాతయ్య తన ఇద్దరు కొడుకులకు చేను పంచినప్పుడు ఆ చివర ఒక నాపరాయి, ఈ చివర ఒక నాపరాయి నిలువుగా పాతించి, మధ్యలో తాడు పట్టించి గట్టు వేయించాడు. తాడుకు అటు పెదనాన్నది, ఇటు మా నాన్నది. ఏటా తొలకరి వానలు పడగానే, అరక కట్టకముందు, రెండు ఇళ్ళవాళ్ళూ పోయి రాయి నుంచి రాయికి తాడు బిగబట్టి, దాని వెంట సున్నం చల్లి వచ్చేవాళ్ళు. దున్నేటప్పుడు గట్టు కొంచెం కొంచెం తరిగినా పర్వాలేదు, రాళ్ళు ఉన్నంతకాలం తాడు తగవు తీరుస్తుంది. గట్టు మీద, తాడుకు జానెడు ఇవతలగా, అయిదు మోదుగ చెట్లు ఉండేవి. అవి మా నాన్న వాటాకు వచ్చాయి. తాతయ్య మాత్రం, "చెట్లు నీ వైపువే కానీ ఆకు కోటమ్మది" అని నాన్నతో అన్నాడు. కాగితం రాయలేదు. ఇంట్లో మాటకు కాగితమెందుకు అనుకునే రోజులు.

కోటమ్మ మా మేనత్త. పెదనాన్నకు చెల్లెలు, నాన్నకు అక్క. పెళ్ళయిన రెండేళ్ళకు మొగుడు పోతే అత్తవారు తిప్పి పంపారు. వెనక వరండాలో ఒక నులకమంచం, ఒక రేకుపెట్టె, అదే ఆమె కాపురం. కొత్త చిగురు ముదిరి ఆకు చెయ్యంత వెడల్పు అయిందంటే, తెల్లారకముందే గంప తీసుకుని వెళ్ళేది. కోసుకొచ్చిన ఆకును నాపరాళ్ళ గచ్చు మీద ఆరబెట్టి, వాడగానే కట్టలు కట్టి, తిరగలి రాయి కింద అణిచేది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక చీపురుపుల్లలు ముక్కలు చేసుకుని విస్తర్లు కుట్టేది. టిక్, టిక్ మని పుల్ల విరిగే చప్పుడు మా ఇంటి మధ్యాహ్నాల చప్పుడు. ఎండిన మోదుగాకుకు ఒక వగరు వాసన ఉంటుంది. పొగాకంత ఘాటు కాదు, పచ్చిగడ్డంత తీపీ కాదు. మా అమ్మకు ఆ వాసన గిట్టేది కాదు. "ఇల్లంతా చెత్త" అని ఊడుస్తూ గొణిగేది. అత్త తల ఎత్తకుండానే, "ఏమే, నీ ఇంట్లో నీకు అడ్డమయింది ఆకు కాదే, నేను. ఆ మాట సూటిగా అను, ఇద్దరికీ సుఖం" అనేది. అంటూనే కుట్టేది. ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా, గురజాల హోటళ్ళకైనా ఆమె విస్తర్లే పోయేవి. తమ్ముడి ఇంట్లో తింటూ కూడా ఆమె తన తిండి తానే తింటున్నట్టు కూర్చునేది. ఆ కూర్చోవడం ఆ అయిదు చెట్లు ఇచ్చింది. ఇది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. మానిపించారు అంటే సరి, చేను పని ఉందని. చదువు మాత్రం నేను మానలేదు. కొట్టులో పొట్లం కట్టిన కాగితాలు విప్పి చదివాను, ఇంగ్లీషు ఒక చినిగిన డిక్షనరీ పెట్టుకుని అక్షరం అక్షరం నేర్చుకున్నాను. పంతొమ్మిదేళ్ళప్పుడు సాగర్ కాలనీలో కొన్నాళ్ళు కూలికి వెళ్ళాను. అక్కడ ఒక ఇంజనీరుగారికి ఫోటోల పిచ్చి. ఆయనకు బదిలీ అయినప్పుడు సామాను లారీకెత్తించాను. వెళ్ళేముందు తన పాత డబ్బా కెమెరా, దానితోపాటు అరచేతిలో పట్టే ఉబ్బెత్తు అద్దం ఒకటి నా చేతిలో పెట్టి, "చేపకన్ను అంటారయ్యా దీన్ని. నీకు ఓపిక ఉంది, నువ్వు వాడు" అన్నాడు. అద్దంతో పాటు ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం. ఆ వానాకాలమంతా దాన్ని డిక్షనరీతో చదివాను. కెమెరా ముందు అద్దాన్ని సైకిలు ట్యూబు ముక్కతో బిగించడం నా సొంత తెలివి. అది పెడితే ఎదురుగా ఉన్నదే కాదు, కుడీ ఎడమా, పైనా కిందా, లోకమంతా ఒక గుండ్రటి పళ్ళెంలో పడేది.

ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే చిరాకు. ఎంత మిడిసిపడ్డానని! మాచర్ల స్టూడియోలో కడిగించుకొచ్చిన ఫోటోలు జేబులో పెట్టుకుని ఊరంతా చూపించేవాణ్ణి. "మీ కళ్ళకు ముందున్నదే కనపడతది. దీని కళ్ళు కప్పి ఈగ కూడా పోలేదు" అనేవాణ్ణి. ఒకే ఫిల్ము ముక్క మీద మూడుసార్లు మీట నొక్కడం కూడా నేర్చాను. ఆ డబ్బా కెమెరాలో ఫిల్ము తిప్పకపోతే ఒకదాని మీద ఒకటి పడుతుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి, అలా తీస్తే మూడు పూటల పూలూ ఒక్క చెట్టుకే పూసినట్టు వచ్చేవి. రమ్య నలభై పేర్చింది. నేను మూడు పేర్చాను, కంప్యూటర్ లేకుండా. ఆ ఫాల్గుణంలో నా కెమెరా ఆ అయిదు చెట్ల చుట్టూనే తిరిగింది.

ఆ ఏడే పంచాయతీ ఎన్నికలు. మా నాన్న సొంత అన్నను కాదని ఎదుటివాడి పక్కన తిరిగాడు. పెదనాన్న ఓడిపోయాడు. ఎన్నికలైన వారానికి తూర్పు చివరి హద్దురాయి మాయమైంది. అక్కడ గొయ్యి కూడా లేదు, దున్నేసి చదును చేశారు. మర్నాడు పెదనాన్న గొడ్డళ్ళతో నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని గట్టు మీదికి వచ్చి, చెట్లు తనవి, సున్నం బట్టీకి కట్టె అమ్ముకుంటున్నానన్నాడు. నాన్న అడ్డం పోయి పడుకున్నాడు. పెద్దమనుషుల్లో పెట్టారు.

ఆదివారం పొద్దున బడిలో కూర్చున్నారు. నడుమ కుర్చీలో మాస్టారు. ఊళ్ళో ఆయన మాటంటే మాట. పక్కన బల్ల మీద ఇద్దరు రైతులు, వాళ్ళలో ఒకాయన పేరయ్య, వరసకు నాకు మామ. పడమటి రాయి ఉంది, తూర్పు రాయి లేదు. తాడు ఎక్కడికి పట్టాలి? అప్పుడు నాన్న గర్వంగా నా వైపు చూపించి, "రాయి పీకకముందు మావోడు ఫోటో తీశాడు. రెండు రాళ్ళూ, చెట్లూ అన్నీ ఉన్నాయి" అన్నాడు. చేపకన్ను గీతల్ని వంచుతుందని పుస్తకంలో చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఫోటో చేతులు మారింది.

"ఇదేందిరా ఆంజీ, గట్టు కొడవల్లే ఉంది?" అన్నాడు పేరయ్య మామ.

"అద్దం అట్టా వంచుద్ది మావా. నడిమధ్యలోంచి పోయే గీత తప్ప, పక్కన పోయే గీతల్ని బయటికి ఉబ్బిచ్చుద్ది. గట్టు తిన్నంగానే ఉంది."

పెదనాన్న తొడ మీద చరుచుకుని నవ్వాడు. "మొన్నటిదాకా దీని కళ్ళు కప్పి ఈగ కూడా పోదంటివి గదరా? ఇయ్యాల దానికి చత్వారం వచ్చిందా?"

అందరూ నవ్వారు. నేను పరుగున పోయి నీళ్ళ కుండ పక్కన ఉన్న ఇత్తడి చెంబు తెచ్చి, బడి దూలానికి ఎదురుగా పట్టాను. "చూడండి, దూలం తిన్నంగా ఉందా లేదా? చెంబులో ఎట్టా వంగిందో చూడండి. నా అద్దం కూడా అట్టాటిదే" అన్నాను. పేరయ్య మామ చెంబులోకి తొంగిచూసి, "నాకు నా ముక్కే కనపడతంది, అదీ గుమ్మడికాయంత" అన్నాడు. మళ్ళీ నవ్వు. నేను చెప్పింది సరిగ్గా అదే. ముక్కు గుమ్మడికాయ అయిందని వాళ్ళకు తెలుసు, గట్టు కొడవలి అయిందంటే మాత్రం నమ్మరు.

పుస్తకం తీసి మాస్టారికి ఇచ్చాను. వేలు పెట్టి ఆ వాక్యం చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. ఆయనకు అర్థం కాలేదని నాకు తెలిసిపోయింది. పెదవులు కదులుతున్నాయి కానీ కళ్ళు ఒకే మాట దగ్గర ఆగి ఉన్నాయి. అలా ఆగిపోవడం ఎలా ఉంటుందో నాకంటే ఎవడికి తెలుసు, వానాకాలమంతా ఆగి ఆగి చదివినవాణ్ణి. కానీ నేను ఆగితే డిక్షనరీ తీసేవాణ్ణి. ఆయన పుస్తకం మూసేశాడు. "ఇందులో అలాంటిదేమీ లేదు. గాజు గీతల్ని వంచితే నా కళ్ళజోడు ఈ గోడని వంచాలి గదా? ఫోటో అబద్ధం చెప్పదు" అన్నాడు. అయిదో తరగతి దాటనివాణ్ణని నన్ను పక్కన పెట్టడానికి బడిలో కూర్చున్న మనిషికి అంతకంటే ఏం కావాలి.

అప్పుడు వాళ్ళు చేసిన పని ఇది. చేలో తాడు పట్టే వీల్లేదు కాబట్టి ఫోటో మీద పట్టారు. మాస్టారు పిల్లలు కుట్టుపనికి తెచ్చుకున్న తెల్లదారం ముక్క తెప్పించాడు. పేరయ్య మామ ఆ రాయి మీద బొటనవేలు, మాస్టారు ఈ రాయి మీద బొటనవేలు పెట్టి, దారం బిగలాగారు. తొలకరిలో చేలో ఎంత శ్రద్ధగా పడతారో అంత శ్రద్ధగా పట్టారు. వాళ్ళలో మోసం లేదు, అదే నా బాధ. వంగిన గట్టు మీద తిన్నని దారం. గట్టు నడుమ ఉబ్బి దారానికి అవతల ఉంది, దాని మీది చెట్లు కూడా అవతలే పడ్డాయి. అయిదుకు అయిదూ పెదనాన్న వైపున.

"ఇంకో ఫోటో లేదంట్రా, మామూలుది?" అన్నాడు పేరయ్య మామ. ఆయన మంచివాడే, మాకు ఏదన్నా దారి దొరుకుతుందేమోనని అడిగాడు. చేపకన్ను పెట్టకుండా తీసింది ఒకటి ఉంది. ఇచ్చాను. అది మూడు పూటలూ ఒకదాని మీద ఒకటి తీసింది. ప్రతిసారీ కెమెరా కొంచెం జరిగింది. తూర్పు రాయి అందులో మూడుచోట్ల ఉంది.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! దాంట్లో గట్టు కొడవలి, దీంట్లో రాళ్ళు మూడు. ఏ రాయికి పట్టమంటావురా దారం?" అన్నాడు మామ. ఈసారి ఎవరూ నవ్వలేదు. నాన్న నా వైపు చూడలేదు.

అత్త అంతసేపూ బడి గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని ఉంది. లోపలికి వచ్చి పెదనాన్న ముందు నిలబడింది. "అన్నా, నాన్న చెప్పిన మాట నీకు గుర్తు లేదా?" అంది. "నీ మీద నాకేం కోపం లేదు కోటమ్మా. హద్దు హద్దే. నీ మేనల్లుడి ఫోటోనే చెప్పింది, నేనేమన్నా చెప్పానా?" అన్నాడు. ఆ సాయంత్రానికి గట్టు మీద అయిదు మొద్దులు మిగిలాయి. రాలిన పూల మీద నరికిన కొమ్మలు, కొమ్మల మీద ఇంకా విచ్చని మొగ్గలు. చిగురు రావడానికి ఇంకా నెల ఉంది.

ఆ వేసవి నుంచి మా ఇంట్లో మధ్యాహ్నాలు చప్పుడు లేకుండా పోయాయి. అమ్మ ఊడ్చేటప్పుడు గొణగడం మానేసింది, అదింకా ఘోరంగా ఉండేది. అత్త తిన్న కంచం తానే గబగబా కడిగి బోర్లించేది, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు. రెండోసారి అన్నం పెట్టించుకోవడం మానేసింది. మిరప కోతలు రాగానే కూలి ముఠాతో నాదెండ్ల వైపు వెళ్ళిపోయింది. కల్లాల్లో మిరపకాయలకు తొడిమలు తీసే పని. వానాకాలంలో ఇంటికి వచ్చినప్పుడు ఆమె చేతులు చూశాను. వేళ్ళు ఎర్రగా ఉబ్బి, చల్లనీళ్ళ చెంబును పట్టుకుని పొద్దంతా కూర్చునేది. మరుసటి ఏడు అచ్చంపేట వైపు పోయింది. మూడో ఏడు తిరిగి రాలేదు. జ్వరమొచ్చి కల్లం దగ్గరే పోయిందని ముఠామేస్త్రి కబురు తెచ్చాడు. నాన్న వెళ్ళేసరికి అక్కడివాళ్ళే అన్నీ చేసేశారు.

అప్పటి నుంచి నేను చదువుకున్నవాళ్ళను క్షమించలేదు. పెదనాన్న దుర్మార్గుడు, సరే. ఆయన సంగతి ఊరంతటికీ తెలుసు. కానీ ఆ మాస్టారు ఒక్క మాట అనుంటే సరిపోయేది, "నాకు తెలియదు, తెలిసినవాణ్ణి పిలిపిద్దాం" అని. గుంటూరు నుంచి సర్వేయరు వచ్చేదాకా గొడ్డలి ఆగేది. తెలియదనడానికి నోరు రాక అయిదు చెట్లను, ఒక మనిషిని నరికించాడు. ఇప్పుడు ఆ ఉబ్బును సరిచేసే మీట ప్రతి పిల్ల చేతిలోనూ ఉంది. ఏ గీత ఎక్కడ వంగిందో తెలియకుండానే సరిచేస్తారు. తెలిసిన నేను అప్పుడు సరిచేయలేకపోయాను. ఇదేనా లోకం ముందుకు పోవడమంటే? రమ్యతో ఈ మాటే అన్నాను, గట్టిగానే అన్నాను. ఆమె పాపం, ఆ బొమ్మను మళ్ళీ దగ్గరికి లాక్కుని చూసింది. తర్వాత, "ఆ రోజు ఆ అద్దం లేకుండా, విడిగా, ఒక్కటి కూడా తీయలేదా తాతయ్యా?" అని అడిగింది. "లేదు" అని లేచి లోపలికి పోయాను.

ఈ కథ నేను చానామందికి చెప్పాను. మాస్టారినీ, పెదనాన్ననూ తిట్టుకుంటూ చెప్పాను. ఒక్క ముక్క మాత్రం ఎప్పుడూ వదిలేస్తూ వచ్చాను. మాస్టారికి తెలియదనడానికి నోరు రానట్టే, తప్పు నాదనడానికి నాకూ నోరు రాదు కాబట్టి ఇవాళ రాసేస్తున్నాను.

ఆ పూల రోజుల్లోనే ఒక పొద్దున, నేను పడమటి రాయి దగ్గర కెమెరా సర్దుకుంటుంటే అత్త వచ్చింది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుంది. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. "ఒరేయ్ ఆంజీ, ఆ గుండ్రం అద్దం తీసేసి, మామూలుగా ఒక్క ఫోటో తియ్యరా. నేనీ రాయి మీద చెయ్యేసి నిలబడతా. నా వెనకమాల చెట్లు అయిదూ వరసన, ఆ కొసన రాయి దాకా పడాల. నేనూ నా చెట్లూ, అంతే" అంది. ఆమె నిలబడిన చోటు నుంచి చూస్తే రాయికీ రాయికీ మధ్య ఎవడూ దారం పట్టనక్కర్లేదు, చెట్లు ఏ పక్కనున్నాయో కంటికే తెలుస్తుంది. ఫిల్ములో ఇంకొక్కటే మిగిలి ఉంది. దాన్ని అద్దం తీసేసి మూడు పూటలా పేర్చాలని దాచుకున్నాను.

"మామూలు ఫోటోకి ఫిల్ము దండగత్తా" అన్నాను.

"సరేలే, నీ పని చెడగొట్టడమెందుకు" అని నవ్వి, రాయి మీద నుంచి చెయ్యి తీసి, ఫోటోలో పడకుండా పక్కకు జరిగింది. నేను మీట నొక్కేదాకా అక్కడే నిలబడి చూసింది.